చెల్లీ, ఏ కాలానికి ఆ బొమ్మ!

ఏమ్మా చెల్లీ, పిల్లాడికి వేసవి సెలవులిచ్చారో లేదో నీ గొంతులో నీరసం మొదలైంది. "అక్కా, వీణ్ణి ఎలా కూర్చోబెట్టను? ఫోను లాక్కుంటే ఏడుపు, ఇస్తే నాకు దిగులు" అంటున్నావు. మొన్న ఆన్‌లైన్లో క్రాఫ్ట్ డబ్బా ఒకటి తెప్పించావు కూడాను. మెరుపు కాగితాలు, కదిలే ప్లాస్టిక్ కళ్ళు, గమ్ము ట్యూబు, ఏది ఎక్కడ అతికించాలో చూపించే కాగితం. వాడు గబగబా అతికించేసి, "ఇంకేం చెయ్యను?" అంటూ మళ్ళీ నీ కొంగు పట్టుకున్నాడు. వాణ్ణి ఏమీ అనకు. ఆలోచించే పనంతా డబ్బా తయారుచేసినవాళ్ళే చేసేశారు. వాడికి మిగిలింది గమ్ము పూయడమే.

ఈమధ్య ఓ ఎల్‌కేజీ పిల్ల పుస్తకం చూశాను. ఋతువుల పేజీలో చలికాలానికి దూదితో మంచుమనిషి, ఆకురాలే కాలానికి మేపుల్ ఆకు. ఆ పిల్ల ఉండేది కరీంనగర్‌లో! మంచు కురవడం ఎరగదు, మేపుల్ చెట్టు ఎరగదు. ఆ పిల్ల దూది అంటించే రోజుల్లోనే వీధిలో ముగ్గులు, బండిమీద రేగుపళ్ళు, గుమ్మాలకి బంతిపూలు. అవేవీ ఆ పేజీలో లేవు. బడివాళ్ళని అని లాభం లేదులే, అచ్చైన పుస్తకం అలా వచ్చింది. ఇంట్లో మనమేం చేస్తామన్నది మన చేతిలో ఉంది కదా.

నేను చెప్పేది పెద్ద విషయమేం కాదు. బయట ఏ కాలం నడుస్తోందో ఆ కాలం పిల్లాడి చేతికి అందాలి, చేసేది వాడే కావాలి. ఈ రెండూ ఉంటే ఖర్చుతో పనిలేదు. నీకు బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు ముంజల కాలం. బండి దగ్గర ముంజలు ఒలిపించి కవర్లో పోయించుకుని రాకు. కాయ పైభాగం మాత్రం చెక్కించి, కాయలుగానే తీసుకురా. బొటనవేలితో పొడుచుకుని తినడం వాడికి నేర్పు. చొక్కా పాడవుతుంది, అవనీ. తిన్నాక మిగిలిన బుర్రలు రెండు తీసుకుని, మధ్యలో జానెడు పుల్ల గుచ్చు. గుచ్చే పని మాత్రం నీదే. ఆ పుల్లమీద పంగలకర్ర ఆనించి తోస్తే బండి పరుగెడుతుంది. పంగలకర్ర ఎక్కడ దొరుకుతుందంటావా? పార్కులో చెట్ల కింద వెతకమను. సరిపోయే కొమ్మ కోసం వాడు పడే తంటాలే సగం ఆట. రెండు మూడు రోజులకి బుర్రలు ఎండి ముడుచుకుపోతాయి, చక్రం వంకర తిరుగుతుంది. "ఎందుకమ్మా?" అంటాడు. వెంటనే జవాబు చెప్పెయ్యకు, "నువ్వేమనుకుంటున్నావు?" అని అడుగు.

మామిడిపళ్ళు తింటున్నారు కదా, టెంకలు పారెయ్యకు. బంగినపల్లి టెంక మన పనికి రాదు, దానికి పీచు తక్కువ. చిన్నరసాలో పెద్దరసాలో అయితే బాగా పీచుంటుంది. శుభ్రంగా కడిగి ఎండలో పెట్టు. ఎండాక పాత దువ్వెన ఇచ్చి పీచు దువ్వమను. అది తెల్లజుట్టు అవ్వ అవుతుంది, గడ్డం తాతయ్య అవుతుంది, సింహం కూడా అవుతుంది. కళ్ళూ మూతీ స్కెచ్‌పెన్నుతో వాడే గీసుకుంటాడు. ఏ టెంక ఎవరవుతారో తేల్చేది వాడే, నువ్వు కాదు.

ఇవి పెళ్ళిళ్ళ రోజులు. పందిళ్ళు వేసేచోట కొబ్బరి మట్టలు దొరుకుతాయి. నాలుగు ఆకులు అడిగి తెచ్చుకో. ఈనె తీసేస్తే మెత్తటి పట్టీలు వస్తాయి. ముందు పాముతో మొదలుపెట్టు, అన్నిటికంటే తేలిక. రెండు పట్టీల కొసల్ని ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టి, కింది పట్టీని పైకి మడవాలి. ఇప్పుడు కిందికెళ్ళిన రెండోదాన్ని దీనిమీదికి మడవాలి. అలా మార్చి మార్చి చివరిదాకా మడిచి వదిలితే సాగుతూ ముడుచుకుంటూ కదులుతుంది. ఐదేళ్ళ పిల్లలు రెండు మూడుసార్లు చూస్తే పట్టేస్తారు. బూర చేయాలంటే పట్టీని చిన్న మొనతో మొదలుపెట్టి వెడల్పుగా చుట్టుకుంటూ పోయి, విడిపోకుండా ఈనె ముక్క గుచ్చాలి. మోగేదాకా ఓపిక కావాలి. మోగాక అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి, అది నీకు! కోనసీమలోనూ గోదావరి లంకల్లోనూ ఉన్న చెల్లెళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. వాచీలు, కళ్ళజోళ్ళు, చిలకలు అన్నీ వాళ్ళ పిల్లలు కొబ్బరాకుతోనే చేస్తారు. తాటిచెట్లున్న ఊళ్ళలో తాటాకు బొమ్మలకి గుడ్డపేలికలు కట్టి పెళ్ళిళ్ళు చేయడం వేసవి ఆటల్లో పెద్ద ఆటగా ఉండేది. వాటికి విడిదిళ్ళు, భోజనాలు, అలకలు అన్నీ ఉండేవి!

ఇక్కడే నీకో మాట చెప్పాలి, కోప్పడకు. వాడు చేస్తుంటే నీ చేతులు ఊరుకోవు. "ఇలా కాదురా, ఇటివ్వు" అంటూ లాక్కుని చక్కగా చేసిచ్చేస్తావు. బొమ్మ బాగుంటుంది, కానీ అది నీ బొమ్మ అవుతుంది. మూడు నాలుగేళ్ళ పిల్లల వేళ్ళలో ఇంకా పట్టు కుదరదు. చిటికెడు మట్టి తీయడం, ఆకు చింపడం, పువ్వు గుచ్చడం, కాగితం మడవడం, వీటన్నిటితోనే బొటనవేలికీ చూపుడువేలికీ బలం వస్తుంది. రేపు పెన్సిలు పట్టేది ఆ వేళ్ళే. అందుకే కత్తి పని, నిప్పు పని, వేడినీళ్ళ పని నువ్వు చెయ్యి. మిగతాదంతా వాడికి వదిలి చేతులు వెనక్కి కట్టుకో. వాడు చేసిన ఏనుగు బంగాళాదుంపలా ఉంటే ఉండనీ, "దీని తొండం ఎటుంది నాన్నా?" అని అడుగు చాలు, కథంతా చెబుతాడు.

వానలు పడగానే కాగితం పడవలు ఎలాగూ ఉంటాయి. మామూలు పడవకి చిన్న మెలిక పెట్టు. ఒక పడవని ఊరికే వదలమను. ఇంకోదానికి ముందు కొవ్వొత్తి ముక్కతో కాగితమంతా రుద్దమను. మైనం పట్టిన పడవ ఎక్కువసేపు తేలుతుంది. తర్వాత చింతగింజలు ఒక్కొక్కటే వేస్తూ ఎన్నింటికి మునుగుతుందో చూడమను. లెక్కలు వాటంతటవే వస్తాయి. అయితే కాలవల దగ్గరికీ నిలవనీళ్ళ దగ్గరికీ పంపకు. బాల్కనీలో టబ్బు చాలు. ఆట అయ్యాక నీళ్ళు పారబోసెయ్యి, లేకపోతే దోమలకి పండగ.

ఆషాఢంలో గోరింటాకు. కోను కొనే బదులు ఆకు దూయించు. రోలు లేకపోతే మిక్సీలో వేసి, కాస్త చింతపండు చేర్చి ముద్ద చెయ్యి. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. వాడి చేతికి నువ్వు పెట్టు, నీ చేతికి వాణ్ణి పెట్టమను. వంకరగా వచ్చినా పదిరోజులు గర్వంగా తిరుగు. నల్లగా పండుతుందని అమ్మే కోన్లు మాత్రం వద్దు. వాటిలో కలిపే పీపీడీ అనే రసాయనానికి పిల్లల చర్మం బొబ్బలెక్కుతుంది.

భాద్రపదం వచ్చిందంటే మట్టి. వినాయకుణ్ణి కొనడానికి ముందే ఓ ముద్ద బంకమట్టి తెచ్చి వాడి ముందు పెట్టు. పొట్టకి పెద్ద ఉండ, తలకి చిన్న ఉండ, తొండానికి తాడులా పేనిన మట్టి, చెవులకి అప్పచ్చుల్లా నొక్కిన రెండు బిళ్ళలు. ఊరికే అంటిస్తే ఎండాక ఊడిపోతాయి. అతికించే రెండుచోట్లా పుల్లతో గీతలు పెట్టి, తడి చేసి నొక్కాలి. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది, నీడలో ఆరనివ్వాలి. కళ్ళకి గురివింద గింజలు పెట్టే అలవాటు మనవాళ్ళకి ఉంది. పిల్లలు చేసేటప్పుడు వద్దమ్మా, ఆ గింజ కొరికితే ప్రమాదకరమైన విషం. రెండు మిరియాలు పెట్టు, చక్కగా ఉంటాయి. అసలు మూడేళ్ళలోపు పిల్లలుంటే ఏ గింజా అందనివ్వకు. ముక్కులో పెట్టుకుంటారు, మింగుతారు. నిమజ్జనం బకెట్లోనే చేసి, ఆ నీళ్ళూ మట్టీ వాడి చేతే మొక్కలకి పోయించు.

అదే పండక్కి తెచ్చే పత్రితో ఇంకో పని ఉంది. ఆకుని ఈనెలు పైకి వచ్చేలా తిరగేసి, పైన తెల్లకాగితం పెట్టి, క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దితే ఈనెల గీతలన్నీ కాగితం మీదికి వచ్చేస్తాయి. మారేడుకి మూడు ఆకులు, రావికి పొడుగాటి తోక, రేగుకి పక్కపక్కనే మూడు పెద్ద ఈనెలు. పేర్లు రాసి పెడితే అదో పుస్తకం. కానీ 21 పత్రుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. ఆ మూడూ విషమున్నవే, జిల్లేడు పాలు కంట్లో పడితే మరీ ప్రమాదం. వాటిని ముందే ఏరి పూజగదిలో పెట్టేసి, మిగిలినవి వాడికివ్వు. ఆట అయ్యాక చేతులు కడిగించు.

ఆ తర్వాత వచ్చేవి బతుకమ్మ రోజులు. తెలంగాణ చెల్లెళ్ళు నాకంటే బాగా చెబుతారు. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా 9 రోజులు ఇంటినిండా పూలే. పొలం గట్లమీద గునుగు, తంగేడు, పెరట్లో బంతి, గుమ్మడి, కట్లపూలు. పిల్లల్ని "తొక్కకండి, అవతలికి పోండి" అనకు, వాళ్ళకో పళ్ళెం వేరే ఇవ్వు. పూలు రంగురంగులుగా వేరుచేయడం మూడేళ్ళవాళ్ళ పని. కాడలు ఒకే పొడవుకి తుంచడం నాలుగైదేళ్ళవాళ్ళ పని. గునుగు కంకులకి రంగు అద్దడం ఇంకాస్త పెద్దవాళ్ళది. గిన్నెలో రంగునీళ్ళు పెడితే తెల్లటి కొసలు ముంచి తీసి ఆరబెడతారు. వరస మీద వరస గుండ్రంగా పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ చిన్నగా చేసుకుంటూ వెళ్ళాలి. మూడో వరసకి వాళ్ళది కూలిపోతుంది. ఎందుకు కూలిందో చూసి మళ్ళీ పేరుస్తారు. ఆడపిల్లలకే అనకు, మగపిల్లాడి చేతా పేర్పించు. పండక్కి ముందే బొడ్డెమ్మ ఆడే ఊళ్ళలో పుట్టమన్ను మెట్లుమెట్లుగా మెత్తుతారు చూడు, పిల్లల చేతులకి అంతకంటే మంచి పని దొరకదు.

డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న చెల్లెళ్ళకో మాట. అక్కడా బతుకమ్మ ఆడుతున్నారు, సంతోషం. గునుగు దొరకలేదని ప్లాస్టిక్ పూలు తేకండమ్మా. న్యూజెర్సీ వైపు ఆ రోజుల్లోనే చెట్లు ఎరుపూ పసుపూ తిరగడం మొదలవుతుంది. మేపుల్ ఆకు మీ వాకిట్లోదే కదా, మీ పిల్లలు దాన్ని ఏరుకొచ్చి చామంతుల మధ్య పేరిస్తే ఎంతో సబబు. నేను కాదన్నది ఆకుని కాదు, కరీంనగర్ పిల్ల కంటికి కనపడని ఆకుని.

దీపావళికి ప్రమిదలు. కొత్తవి రాత్రంతా నీళ్ళలో నానబెడితే నూనె ఎక్కువ పీల్చవు. ఆరాక బయటివైపు బియ్యప్పిండి ముద్దతో చుక్కలు పెట్టమను, అగ్గిపుల్ల వెనకవైపే కుంచె. లోపల రంగు వేయనివ్వకు, అక్కడ వత్తి వెలుగుతుంది. వెలిగించేది నువ్వే.

ధనుర్మాసంలో చేతినిండా పనే. ముగ్గు పిల్లలకి రాదనుకోకు. పెద్ద పళ్ళెంలో బియ్యప్పిండి పలచగా పరిచి వేలితో గీయమను. తప్పు పోతే పళ్ళెం కదిపితే చాలు, మళ్ళీ కొత్త పలకే. చుక్కలు మూడు వరసల్లో మూడేసి పెట్టి, వాటిని కలపడం వాళ్ళకే వదిలెయ్యి. తర్వాత వాకిట్లో నీ ముగ్గు పక్కనే ఓ మూర జాగా వాళ్ళ పేర రాసిచ్చెయ్యి. ఆవుపేడ దొరికే ఊళ్ళలో భోగిదండ చేయించు. చిన్నచిన్న బిళ్ళలు చేసి, మధ్యలో పుల్లతో బెజ్జం పెట్టి, ఎండాక తాడుకి గుచ్చడం. తన దండ తనే భోగిమంటలో వెయ్యడం కోసం పిల్లలు నెలరోజులు ఎదురుచూస్తారు. అపార్టుమెంట్లో అది కుదరకపోతే బంతిపూల దండ గుచ్చించు. మొండి సూది, మందపు దారం.

గాలిపటం కొనివ్వు, కాదనను. కానీ ఒక్కటి మాత్రం ఇంట్లో చేయించు. పలచటి కాగితం నలుచదరంగా కత్తిరించి, మూలనుంచి మూలకి ఒక కొబ్బరి ఈనె నిటారుగా, ఇంకోటి విల్లులా వంచి అడ్డంగా, అన్నం మెతుకుల జిగురుతో అంటించి, కింద గుడ్డ తోక కట్టాలి. గిరికీలు కొడుతూ తిరిగితే తోక పొడుగు చేసి చూడమను. దారం నూలుదే వాడండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉన్నారు. పక్షుల రెక్కలూ బండిమీద పోయేవాళ్ళ గొంతులూ కోసుకుపోతున్నాయి. గాజుపొడి పూసిన దారం కూడా వద్దు.

మీ ఇంట్లో బొమ్మల కొలువు పెడితే కింది మెట్టు పిల్లలకివ్వు. టెంక అవ్వ, మట్టి ఏనుగు, అగ్గిపెట్టెల రైలు అన్నీ అక్కడే కొలువుతీరతాయి. పై మెట్టుమీద ఒక్కటైనా మన కళాకారులు చేసినది ఉంచు. ఏటికొప్పాక లక్కబొమ్మ చేతికిచ్చి చెప్పు, ఇది అంకుడు కర్ర, దీని రంగులు గింజల నుంచీ బెరడు నుంచీ తీస్తారని. అక్కడ సహజ రంగులకి మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొండపల్లి బొమ్మైతే తెల్లపొణికి కర్ర, చేతిలో పెట్టుకుంటే ఎంత తేలికో వాడికే తెలుస్తుంది. పెద్దవాళ్ళు కూడా ఇదే పని చేసి బతుకుతారని తెలిస్తే తన మట్టి ఏనుగు మీద వాడికే గౌరవం పెరుగుతుంది.

ఫాల్గుణం నాటికి ఆకులన్నీ రాలి అడవిదారుల్లో మోదుగ ఎర్రగా పూస్తుంది. రాలిన పూలు ఏరి తెచ్చి, నువ్వు వేడినీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి నారింజరంగు నీళ్ళు. హోలీకి చల్లుకోవచ్చు, కుంచెతో బొమ్మా వేసుకోవచ్చు. పూలు దొరకని చోట వంటిల్లే రంగుల పెట్టె. పసుపునీళ్ళతో కాగితం మీద బొమ్మ వేయించి, ఆరాక దానిమీద వంటసోడా నీళ్ళు అద్దమను, పసుపు ఎర్రబారుతుంది. సున్నంతో ఇంకా బాగా వస్తుంది కానీ కంట్లో పడితే ప్రమాదం, పిల్లల దగ్గర వద్దు. శంఖుపూలు నానేసిన నీలంనీళ్ళలో నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఊదారంగు తిరుగుతుంది. ఇక ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఒక్క నిమ్మకాయ మిగలదు.

"ఇల్లంతా చెత్త అవుతుంది కదక్కా" అంటావని తెలుసు. పాత దుప్పటి ఒకటి కేటాయించు. పని మొదలైతే అది పరవాలి, పని అయితే నాలుగు కొసలూ పట్టి దులపాలి, రెండూ వాడి పనులే. చేసినవన్నీ దాచాలని కూడా అనుకోకు. పూలు వాడతాయి, ముంజబుర్రలు ముడుచుకుపోతాయి, మట్టి కరుగుతుంది. "మళ్ళీ ముంజలు ఎప్పుడమ్మా?" అని వాడు పరికిణీల దుకాణం ముందో బస్సులోనో హఠాత్తుగా అడుగుతాడు చూడు, ఏడాది ఎలా తిరుగుతుందో వాడికి అర్థమవుతున్నట్టే. అడిగినప్పుడల్లా దొరికే ప్లాస్టిక్ బొమ్మ ఆ సంగతి నేర్పలేదు.

ఇవన్నీ నాకు చేతకావంటావా? నీకు చేతకాకపోతే చుట్టూ చేతనైనవాళ్ళున్నారు. మీ అత్తగారిని అడుగు, తాటాకు బొమ్మకి చీర ఎలా కట్టాలో ఆవిడకి తెలిసే ఉంటుంది. మీ అపార్టుమెంట్ వాచ్‌మన్ ఏ పల్లె నుంచి వచ్చాడో కనుక్కో, ముంజబండి తోలకుండా పెరిగి ఉండడు. పూలమ్మే ఆమె పక్కన పిల్లాణ్ణి కాసేపు కూర్చోబెట్టు, మాల కట్టే వేళ్ళు చూస్తాడు. వాళ్ళని గురువులుగా పలకరించమని వాడికి చెప్పు. రాయలసీమ చెల్లెళ్ళూ, ఉత్తరాంధ్ర చెల్లెళ్ళూ, మీ వైపు పిల్లలు ఏ కాలంలో ఏం చేస్తారో మీరు నాకు రాయాలి. ఎలా చేస్తారో విడమరిచి రాయండి, వచ్చేసారి అందరికీ చెబుతాను. ఉంటాను మరి.

మీ అక్క